పుస్తకాలు నిండుకున్నాయి

విశ్వవిద్యాలయం వారి పసుపుపచ్చ కాగితాలు వచ్చింది శుక్రవారం నాడు. బుధవారమో గురువారమో వచ్చి ఉంటే ఈ కథ ఇంకో దారిన పోయేదేమో. పోస్టుమాను మాత్రం శుక్రవారమే తెచ్చాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మూడో ఏడు అది. ఆత్మకూరులో, నెల్లూరు రోడ్డు మీద, సుందరరామయ్య శెట్టిగారి మండీ ఉంది. కింద మిరపకాయల బస్తాలు, చింతపండు బుట్టలు. పైన ఒక మిద్దె. ఆ మిద్దె మీద మధ్యాహ్నం రెండున్నర మొదలు ఐదు దాకా పదకొండు మంది ఆడవాళ్ళు మెట్రిక్ పరీక్షకు చదువుతున్నారు. చిన్ననాడే బడి మానిన ఆడవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం వారు పెట్టిన క్లాసు అది. పరీక్ష, టీచరు జీతం వాళ్ళ వంతు. గది, పుస్తకాలు, దీపం, లెక్కలకు ఒక మాస్టారు ఊరి కమిటీ వంతు. కమిటీకి ప్రెసిడెంటు శెట్టిగారే.

ఆ పదకొండు మందిలో శెట్టిగారి కోడలు వరలక్ష్మి ఒకతె. ఇరవై రెండేళ్ళది. ఎనిమిది నెలల ఆడబిడ్డ తల్లి. మొగుడు చెంచయ్య ఉదయగిరిలో ఉండి మండీకి సరుకు కొని పంపుతాడు, శనివారం శనివారం వస్తాడు. అత్త కామాక్షమ్మ బిడ్డను చూసుకుంటానంటేనే ఈమె చదువు. క్లాసులో కూర్చున్నంతసేపూ వరలక్ష్మి ఒక చెవి వెనకవీధిలో ఉన్న ఇంటి వైపే పడేసి ఉండేది. రోడ్డు మీద ఏ బిడ్డ ఏడ్చినా ఆమెకు రవిక తడిసేది. బిడ్డకు పాలు విరిగాయేమో, ఉయ్యాల తాడు తెగిందేమో, ఎత్తుకున్నవాళ్ళు ఎండలో నిలబెట్టారేమో అని ఒకటే గుబులు. అంత గుబులు పెట్టుకుని ఎందుకు పోతావే అని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర పెద్ద జవాబేమీ లేదు. ఉదయగిరి బడిలో థర్డు ఫారం చదువుతుండగా పెళ్ళి కుదిరింది. ఆఖరి రోజు మాస్టారు బోర్డు మీద ఎక్సు అనే అక్షరం రాసి, “ఇది ఎంతో మనకు తెలియదు. తెలియకపోయినా దీంతో లెక్క చేయొచ్చు” అన్నాడు. ఎట్లా చేయొచ్చో చెప్పేలోపల గంట కొట్టారు. మరునాటి నుంచి ఆమె బడికి పోలేదు. ఎట్లా చేస్తారో తెలుసుకోవాలని ఉండేది. అంతే.

కానీ ఆత్మకూరు క్లాసులో లెక్కలే జరగలేదు. కమిటీ వారు కుదిర్చిన లెక్కల మాస్టారు శ్రావణమాసంలో నాలుగు రోజులు వచ్చి, మరి రాలేదు. పుస్తకాలు పదకొండు మందికీ కలిపి మూడు. లాంతరులో కిరసనాయిలు పోసే నాథుడు లేడు. ముసురు రోజుల్లో నాలుగున్నరకే అక్షరం ఆనదు. పరీక్ష మార్చిలో. లెక్కలు పోతే అన్నీ పోయినట్టే. మళ్ళీ రెండో ఏడు చదవనిచ్చే ఇల్లు ఆ పదకొండు ఇళ్ళలో ఒక్కటీ లేదు.

పసుపు కాగితాలను టీచరు రెబెకమ్మ పంచింది. తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర ఆమే చెప్పేది. తెల్లచీర, చేతిలో గొడుగు, గొంతులో మిషను బడి క్రమశిక్షణ.

“చదివేవాళ్ళకు క్లాసు తృప్తిగా ఉండాదా లేదా అని విశ్వవిద్యాలయం వారు కనుక్కోవాలంట. ఇరవై ప్రశ్నలు. మీ సొంత మాటల్లో రాయాల. దాన్నిబట్టి ఒకాయనొచ్చి మార్కులేస్తాడు” అందామె.

“మాకా?” అంది మాలకొండమ్మ. అనంతసాగరం నుంచి బస్సులో వచ్చే రైతు ఇంటి మనిషి, ముప్పై అయిదేళ్ళది. క్లాసులో అందరికంటే పెద్ద.

“మీకు కాదు. క్లాసుకు. నాకు.”

“ఓర్నీ! పంతులమ్మకు పిల్లకాయలు మార్కులేసేదా? కలికాలం ఇంక యాడుండాదిమే!”

అందరూ నవ్వారు. రెబెకమ్మ నవ్వలేదు. “మీరు రాసేటప్పుడు నేను గదిలో ఉండకూడదని ఈడ అచ్చేసి ఉండారు. రాసినాక కవర్లో పెట్టి బంక పెట్టండి” అని గొడుగు తీసుకుని వరండాలోకి పోయింది.

మొదటి ప్రశ్నలు సులువే. ఊరు, పేరు, ఎంతవరకు చదివినారు. ఏడో ప్రశ్న దగ్గర కలాలన్నీ ఆగిపోయాయి. ‘పాఠ్యపుస్తకములు లభ్యమగుచున్నవా?’

వరలక్ష్మి కలం ‘లే’ దాకా వచ్చింది. అక్కడే నిలబడింది. లేవు అని రాస్తే తన మామ తేలేదని రాసినట్టు. కాపురానికి వచ్చి నాలుగేళ్ళయినా ఆమె మామతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. కావలసింది అత్తతో చెబితే అత్త చెప్పేది. అట్లాంటిది ఆయన మీద మొదటి మాటే ఫిర్యాదా? ఉన్నవి అని రాస్తే మాస్టారూ రాడు, పుస్తకాలూ రావు, మార్చి వస్తుంది.

“ఏందిమే, నువ్వు రాసేది?” మాలకొండమ్మ తొంగిచూసి నాలుక కరుచుకుంది. “శుక్రవారం పూట, చేత్తో, పుస్తకం లేదని రాస్తావా? పుస్తకమంటే ఎవురు? సరస్వతి గదా! ఇంట్లో బియ్యం అయిపోతే లేవంటామా మనం? నిండుకున్నాయి అంటాము. అట్టనే రాయి.”

ఆ మాట అందరికీ నచ్చింది. వరలక్ష్మికి మరీ నచ్చింది. లేదు అనకుండానే లేదని చెప్పినట్టు అవుతుంది. మామను ఏమీ అన్నట్టు కాదు. ఆమె ‘లే’ను అక్షరం కనబడకుండా దిద్ది, ‘పుస్తకములు నిండుకున్నవి’ అని రాసింది. మిగిలిన పదిమందీ అదే రాశారు.

“మరి లెక్కల మాస్టారు రాడని ఎట్టా రాసేది?” అని ఒకతె అడిగింది.

ఈసారి దారి చూపింది వరలక్ష్మే. “మా మండీలో సరుకు లేకుంటే లేదనరు. వస్తా ఉండాది అంటారు.”

“కోమటి తెలివంటే తెలివేమ్మే! రాయండి, రాయండి. మాస్టారు వస్తా ఉండాడు.”

దీపం సంగతి ఎవరూ అడగనక్కరలేకపోయింది. దీపం ఆరిపోతుందని ఏ ఆడది రాస్తుంది? ‘ముసురు దినములలో దీపము కొండెక్కుచున్నది’ అని అందరూ వరసగా రాసి, కవరుకు బంక పూశారు.

రంగనాథం గారు పదకొండు రోజుల తర్వాత, మంగళవారం పదకొండు గంటల బస్సులో దిగాడు. రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు నుంచి ఇటు వచ్చిపడ్డ ఉద్యోగి. ఇంట్లో తెలుగే అయినా పుట్టి పెరిగింది మైలాపూరు. ఆయన తెలుగు అచ్చుపుస్తకంలోంచి దిగివచ్చినట్టుండేది, అంచులకు మాత్రం అరవం అంటుకుని ఉండేది. మంచివాడు. చెమటలు కక్కుతూనే అందరికీ నమస్కారం పెట్టాడు. ఆయన వెంట ఒక చెక్కపెట్టె కూడా దిగింది. దాన్ని వరండాలో పెట్టించాడు.

మిద్దె మీద ఒక పక్క కమిటీ వారు నలుగురు కుర్చీల్లో, మధ్యలో సుందరరామయ్య. ఇంకో పక్క చాపల మీద పదకొండు మంది. రెబెకమ్మను నిబంధన ప్రకారం కిందికి పంపారు. ఆ రోజు కామాక్షమ్మ సంతపనుల్లో ఉండి, బిడ్డను వరలక్ష్మి ఒళ్ళోకే ఇచ్చి పంపింది. బిడ్డ నిద్రపోతోంది.

“మీరు వ్రాసిన జవాబులను నేను పూర్తిగా చదివినాను” అన్నాడు రంగనాథం. “చాలా సంతోషము. ఇంత తృప్తిగా ఉన్న విద్యార్థినులను నేనెక్కడా చూడలేదు. పుస్తకములు పదకొండు మందీ నిండుకున్నవి అన్నారు. పదికి పది.”

ఆయన ఇంకో కాగితం తిప్పాడు.

“లెక్కల మాస్టారు వచ్చుచున్నాడు. ఎనిమిది వేసినాను, ‘బాగుగా చెప్పుచున్నాడు’ అని ఎవరూ వ్రాయలేదు గనుక రెండు తగ్గించినాను. ఇక దీపము...” ఆయన ముఖం వెలిగిపోయింది. “కొండ ఎక్కించినంత ఎత్తున దీపము పెట్టినారంటే కమిటీ వారి శ్రద్ధ ఎంతటిదో! తొమ్మిది.”

మాలకొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కమిటీలో ఒకాయన దగ్గాడు. సుందరరామయ్య మాత్రం కండువా మడత సరిచేసుకుంటూ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఆయనకు తెలియక కాదు. మండీలో పుట్టి మండీలో తల నెరిసిన మనిషి. నిండుకుంది అంటే ఏమిటో, వస్తా ఉండాది అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంటి ఆడవాళ్ళు మర్యాదగా రాశారు. పై ఊరి మనిషి మర్యాదగా చదువుకున్నాడు. మధ్యలో తానెందుకు నోరు విప్పాలి?

“మొత్తము నూటికి ఎనభై మూడు” అన్నాడు రంగనాథం. “ఉదయగిరి క్లాసుకు ఇరవై ఆరే వచ్చినవి. వారు ప్రతిదానికీ లేదు, లేదు అనే వ్రాసినారు. విశ్వవిద్యాలయము వద్ద ఇప్పుడు ఒక పెట్టె పుస్తకములున్నవి, ఒక లెక్కల ఉపాధ్యాయుడు ఉన్నాడు. అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చిన క్లాసుకు వాటిని ఇవ్వవలెనని ఉత్తరువు. కనుక ఆ పెట్టె మధ్యాహ్నపు బస్సులో ఉదయగిరికి పోవును. మీకు అవసరము లేదు.”

వరలక్ష్మి కాళ్ళు చాప మీద తిమ్మిరెక్కాయి. తిమ్మిరి కాళ్ళ దగ్గరే ఆగినట్టు లేదు. పైకి, చేతులదాకా, పెదవులదాకా వచ్చింది.

“చెప్పుమే” అని మాలకొండమ్మ గుసగుసలాడింది.

“నువ్వు చెప్పక్కా.”

“నేను చెప్తే రెడ్లు శెట్టిని బజారున పెట్టినారంటారు. మా బావకూ మీ మామకూ పంచాయితీ ఓట్లలో పడదని ఎరగవా? నువ్వయితే ఇంటి పిల్లవు.”

“ఎవరికైనా చెప్పవలసినది ఉన్నదా?” అని రంగనాథం కాగితాలు సర్దుకుంటూ అడిగాడు. వరండాలో మూటలవాళ్ళు పెట్టెకు తాడు అడుగుతున్నారు.

వరలక్ష్మి బిడ్డను భుజాన వేసుకుని లేచి నిలబడింది. మాట నోట్లోంచి వచ్చింది గానీ ఎవరిదో అన్నట్టుంది.

“లేవు.”

“ఏమమ్మా?”

“పుస్తకాలు లేవు. లెక్కల మాస్టారు రాడు. శ్రావణంలో నాలుగు రోజులు వచ్చినాడు, అంతే. దీపంలో చమురు పొయ్యరు.”

రంగనాథం కళ్ళజోడు తీశాడు. “మరి నిండుకున్నవని మీరే వ్రాసినారే!”

“నిండుకున్నాయంటే అయిపోయినాయని అండి. కొండెక్కడమంటే ఆరిపోవడం.”

“అయిపోవుటను నిండుట అందురా? ఆరిపోవుటను ఎక్కుట అందురా?” ఆయన నిజంగానే బెదిరిపోయి, ఇది సాధ్యమా అన్నట్టు సుందరరామయ్య వైపు చూశాడు.

శెట్టిగారు కిటికీ దగ్గర్నుంచి ముఖం తిప్పాడు. కోడలి గొంతు ఆయన వినడం అదే మొదలు. ఆమెను చూడలేదు. రంగనాథాన్నే చూసి చెప్పాడు. “అవును సార్. మా వైపు ఆడోళ్ళు అశుభం పలకరు. ఆ పిల్ల చెప్పింది నిజం. తప్పు కమిటీది.” కమిటీది అన్నాడు, తనది అన్నట్టే అందరికీ వినిపించింది.

రంగనాథం మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, మిగిలిన జవాబుల అసలు అర్థమూ అడిగి తెలుసుకుని, ఎర్రసిరా కలంతో ఒక్కో అంకె కొట్టేస్తూ పోయాడు. పూర్తిచేసి రెండుసార్లు కూడాడు. “ఇరవై నాలుగు” అన్నాడు చివరకు. “ఉదయగిరి కంటె రెండు తక్కువ. పెట్టె ఇక్కడే ఉండును.”

చాపల మీద ఎవరో చప్పట్లు కొట్టబోయి, కుర్చీల వైపు చూసి మానుకున్నారు.

సాయంత్రం మామ ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కుని, భోంచేసి, మజ్జిగన్నం దగ్గర అత్తతో అన్నాడు. మాట అత్తకే గానీ వంటింట్లో ఉన్న మనిషికి అందేంత గట్టిగా.

“క్లాసు మన మిద్దె మీదనే జరుగుతాది. లెక్కల మాస్టరు సోమవారం దిగుతాడు, ఆయనకు భోజనం మన ఇంట్లోనే. దీపానికి చమురు మండీ నుంచి పోతాది. ఎవురూ ఏ లోటూ చెప్పే పని లేకుండా చూస్తా. ఆ పిల్ల మాత్రం ఇంక మెట్లెక్కనక్కర లేదని చెప్పు.”

“ఇన్నావు గదా?” అంది కామాక్షమ్మ వంటింటి గడప మీదికి వచ్చి.

“ఇన్నాను అత్తా.”

“ఉదయగిరోళ్ళ నోటికాడి కూడు గూడా లాక్కుంటివి. నీ పుట్టినూరే గదమ్మా అది! వాళ్ళకి రావాల్సిన మాస్టరు ఈడికొచ్చె, నువ్వేమో ఇంట్లో ఉంటివి. ఎవురికేం దక్కినట్టు?”

వరలక్ష్మి చేతిలోని గిన్నె కడిగి బోర్లించింది. అది అంతకుముందే కడిగిన గిన్నె.

శనివారం చెంచయ్య వచ్చాడు. అంతా మండీలోనే విని వచ్చాడు. బిడ్డను ఎత్తుకుని ఆడించి, ఉయ్యాలలో వేసి, అప్పుడు ఎత్తాడు ఆ మాట.

“నువ్వు చెప్పింది తప్పు కాదు. చెప్పిన తావు తప్పు.”

“వేరే తావు యాడుండాది నాకు?”

చెంచయ్య కాసేపు ఉయ్యాల ఊపాడు. “నాకు చెప్పి ఉండొచ్చు గదా, శ్రావణంలోనే.”

“చెప్పినాను. వస్తా ఉండాడులే అన్నావు.”

అతనికి గుర్తుందో లేదో గానీ తల వంచుకున్నాడు. “నాయనతో మాట్లాడతాను. ఇప్పుడు కాదు. పండగ పోనీ.” ఆదివారం పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాడు. తర్వాతి శనివారాలు కూడా ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఎత్తితే ఏమంటాడో ఆమెకు ముందే వినిపించేది.

లెక్కల మాస్టారు మంచివాడనే ఊరంతా చెప్పుకుంది. పొద్దున తొమ్మిదికీ రాత్రి ఏడుకూ శెట్టిగారింటికి భోజనానికి వచ్చేవాడు. వరలక్ష్మి తలుపు చాటు నుంచి గిన్నెలందిస్తే కామాక్షమ్మ వడ్డించేది. పప్పులో ఉప్పు ఎక్కువైనా ఆయన ఏమీ అనేవాడు కాదు. మధ్యాహ్నం రెండున్నరకు ఆమెకు పాలు చేపుకువచ్చేవి. బిడ్డ ఒళ్ళోనే ఉండేది. ఇంక దూరం నుంచి చెవి పడేసి వినవలసిన ఏడుపు ఏదీ లేదు. గుబులు కూడా అలవాటు తప్పిన చుట్టంలా మెల్లగా రాకపోకలు మానుకుంది. దాని చోట ఇంకేమీ రాలేదు.

ఫిబ్రవరి మొదటివారంలో, పట్టపగలు, రెబెకమ్మ గొడుగు ముడుచుకుని వాకిట్లోకి వచ్చింది. కామాక్షమ్మ పెరట్లో ఉంది. వరలక్ష్మి పీట వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. రెబెకమ్మ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చేతిలోని పెద్ద పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

“క్లాసు బాగా జరుగుతా ఉండాదా టీచరమ్మా?”

“జరుగుతా ఉండాదమ్మా. మాలకొండమ్మ గూడా లెక్కలు చేస్తా ఉండాది. అక్షరగణితం, ఎక్సు వేసి చేసేది, అయిపోయింది. ఇప్పుడు క్షేత్రగణితం మొదలుపెట్టినారు.”

“అయిపోయిందా?” అంది వరలక్ష్మి.

“నెలలో అయిపోగొట్టినాడు. మంచి పంతులు.” రెబెకమ్మ పుస్తకం తెరిచింది. హాజరుపట్టీ అది. పదకొండు పేర్లు. అందులో ఒక పేరు ఎదురుగా నెలన్నర పొడవునా సున్నాలు, పిల్లలు దిద్దుకున్నట్టు వరసగా. “రంగనాథం గారు మళ్ళీ వస్తా ఉండారు. క్లాసు ఎంత మెరుగైందో కొలవడానికి. ఈసారి హాజరుకు ఇరవై మార్కులంట. పట్టీలో పేరుండి మనిషి రాకుంటే అన్నిరోజులూ కోతే. నీ ఒక్కదాని మూలంగా పన్నెండు మార్కులు పోతాయి. మార్కులు తగ్గితే పై ఏడు ఈ క్లాసుండదు.” ఆమె పట్టీ మూసింది. “మీ మామగారు పేరు కొట్టెయ్యమన్నారు. ఊరికే కొట్టేస్తే ఒప్పుకోరు. నువ్వు రాసియ్యాల. నా ఇష్టప్రకారం మానుకున్నానని.”

“మార్చి పరీక్షకు?”

“పట్టీలో పేరు లేకుంటే పరీక్షకు పంపేదానికి లేదమ్మా.”

వరలక్ష్మి లోపలికి పోయి కలం, కాగితం తెచ్చింది. బిడ్డ పాకుతూ వచ్చి కాగితం అంచు పట్టుకుంటే, చేయి విడిపించి పక్కన కూర్చోబెట్టింది. విశ్వవిద్యాలయము వారి స్త్రీల మెట్రిక్ తరగతి, ఆత్మకూరు, అని పైన రాసింది.

“కారణం ఏమని రాసేది?”

రెబెకమ్మ గడపకేసి చూసింది. “ఇంటి పనులని రాయి. అందరూ అదే రాస్తారు.”

‘ఇంటి పనుల వలన తరగతికి రాలేకపోవుచున్నాను. నా ఇష్టప్రకారము మానుకొనుచున్నాను. దయచేసి నా పేరు తొలగించగోరెదను.’ అక్షరం ఎక్కడా తడబడలేదు. రెబెకమ్మ తీసుకుని, అలవాటు కొద్దీ ఎర్రపెన్సిలు పట్టుకునే చదివింది. దిద్దడానికేమీ దొరక్క పెన్సిలు సంచిలో వేసేసుకుంది.

“సంతకం కింద తేదీ వెయ్యమ్మా.”

“ఈ రోజు ఎంత?”

“ఆరు.”

తేదీ వేసింది. రెబెకమ్మ ఉత్తరాన్ని హాజరుపట్టీలో పెట్టుకుని, బిడ్డ తల ఒకసారి నిమిరి, గొడుగు విప్పుకుంటూ మెట్లు దిగింది.

“ఎవురొచ్చినారు?” అని పెరట్లోంచి కామాక్షమ్మ కేక వేసింది.

“టీచరమ్మ.”

“ఏందికంట?”

“సంతకానికి.”

కలానికి మూత బిగించి వరలక్ష్మి లేచింది. మాస్టారి రాత్రి భోజనానికి చిక్కుడుకాయలు ఒలవాలి.